పడడం, దిగడం

ఆ ఏడు అరసికెరె ఆదెప్పకు కోపమంతా మబ్బుల మీద. మబ్బులు చేతికందవు కాబట్టి, ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఆ కోపం కాస్తా కూతురు భాగీరథమ్మ ఇంగ్లీషు పుస్తకం మీద పడేది.

ఒక్క పదును వాన చూసుకుని చేనంతా వేరుశనగ విత్తాడు. మొక్క లేచింది, పసుప్పచ్చగా పూసింది. అంతే, వాన మొహం చాటేసింది. పూలు వాడి ముడుచుకునేసరికి ఆదెప్ప చేనువైపు పోవడమే మానుకున్నాడు. ఎండే పైరును చూడడానికి ఆయనకు ధైర్యం లేదు. మొన్న సాయంత్రం నాలుగు చినుకులు రాలినా, “దుమ్ము గూడా అణగలే” అని తీసిపారేశాడు. గొర్రెల బొమ్మన్నకు కబురు పంపాడు, పొద్దున్నే మందను తోలి మేపుకొమ్మని. కనీసం ఎరువైనా నేలకు దక్కుతుంది.

ఆ పొద్దున భాగీరథమ్మ అరుగు మీద చదువుకుంటోంది. హొసకోట బడిలో ఆరోజు పరీక్ష.

“ఫాల్ అంటే పడేది. డిసెండ్ అంటే దిగేది.”

“రెండూ పొయ్యేది కిందికే గదమ్మా! దొరలకు పనీపాటా లేక రెండు మాటలు పెట్టుకున్యారు.”

“కాదు నాయనా, మా మేష్ట్రు చెప్పినాడు. పట్టు తప్పితే పడేది. యాడికి పోవాల్నో తెలిసి పోతే దిగేది.”

“అట్లయితే మన పూత సంగతి చెప్పు. పడిందా, దిగిందా?”

ఆ వెటకారం పిల్లకు చురుక్కుమంది. పుస్తకం మూసి లేచి పోయింది. బస్సుకు పోయిందనుకున్నాడు ఆదెప్ప.

కాసేపటికి మంద వెనకాలే తనూ చేనుకు వెళ్తే, బస్సుకింకా వేళ ఉండగా పూత సంగతి తేల్చుకోవడానికి వచ్చి, నడిమధ్య చాలులో కూర్చుని ఉంది భాగీరథమ్మ.

“గొర్రెల్ని ఆపమను నాయనా! ఈడికి రా!”

తిట్టడానికే వెళ్లాడు. ఆమె ఆకులు పైకెత్తి పట్టుకుంది. ఆదెప్ప వంగి చూశాడు, తర్వాత గొంతుకూర్చున్నాడు. పువ్వు వాడిన ప్రతిచోటా సన్నటి కాడలాంటి ఊడ. ఒక్కటీ పక్కకు తిరగలేదు, పైకి చూడలేదు. అన్నీ నేలకే వంగి, ఆ నాలుగు చినుకులకు మెత్తబడిన చోటు వెతుక్కుని లోపలికి దూరాయి. ఒకదాన్ని మెల్లగా లాగాడు. నేల వదల్లేదు. గోటితో మన్ను గీరితే, తెల్లటి కొన రాగి గింజంత ఉబ్బి కనిపించింది.

ఇరవై ఏళ్లుగా కాయలు పెరుకుతున్నాడు, ఊడలు దిగినాయని వెయ్యిసార్లు నోటితో అన్నాడు. ఇలా కూర్చుని చూడడం మాత్రం ఇదే మొదలు. గడ్డపారను ఎదురు తన్నే ఈ ఎర్రనేలలోకి ఇంత మెత్తటిది ఎలా పోయింది? కింద చీకట్లోనే కాయ కావాలని దీనికెవరు చెప్పారు? ఆదెప్పకు గర్భగుడి తలుపు తీసినప్పుడు కలిగే భయం లాంటిది కలిగింది.

“ఏందప్పా ఆదెప్పా, తోలేదా?” గట్టు మీంచి బొమ్మన్న అరిచాడు. ముందున్న పొట్టేలు అప్పటికే చేలో కాలు పెట్టింది.

ఆదెప్ప చాలు వెంబడి పరుగెత్తి రెండు చేతులూ అడ్డం చాపాడు.

“వద్దు బొమ్మన్నా! ఊడలు దిగినాయి!”

“మళ్లా వాన రాకుంటే?”

అది న్యాయమైన ప్రశ్నే. ఆదెప్ప ఆకాశం వైపు చూశాడు. మబ్బు జాడ లేదు.

“రాకుంటే ఎండనీ. అంత మెత్తటిది నేలను నమ్మి దిగినాక, నేనెట్ల గొర్రెల్ని తోలేదప్పా?”

బొమ్మన్న గొణుక్కుంటూ మందను మళ్లించాడు. మళ్లీ కూతురి వైపు నాలుగడుగులు వేశాక ఆదెప్పకు కాళ్లకున్న చెప్పులు గుర్తొచ్చాయి. గట్టుకు తిరిగిపోయి, వాటిని అక్కడ విడిచి వచ్చాడు.

“ఆ రెండో మాట ఏందమ్మా? ఇంకోసారి చెప్పు.”

“డిసెండ్, నాయనా.”

ఆయనకు నోరు తిరగలేదు. అయినా దాన్ని లోలోపల అనుకుంటూ, మళ్లీ ఆ మొక్క ముందు కూర్చున్నాడు.