పాలు పొంగించే శనివారం

నిఖిల పని నుంచి వచ్చేసరికి సాయిచరణ్ సూట్‌కేసు వానలో ఉంది. పక్కన బియ్యం బస్తా తడిసి ఉబ్బుతోంది. మెట్ల మీద ఇంటి ఓనరు జనార్ధనరావు గొడుగు కింద నిలబడ్డాడు.

"శనివారం మా అమ్మాయి గృహప్రవేశం. పాలు పొంగించాలి, ఇల్లు ఖాళీగా ఉండాలి. మనవాళ్లు, మీకు వేరే చెప్పాలా?"

"సరే అంకుల్" అనేశాడు సాయిచరణ్.

అదే వాళ్లు చేసిన తప్పు. పండక్కి పులిహోర పంపాడని ఆయన్ని అంకుల్ అని పిలిచారు. అంకుల్ అన్నాక ఎదురు చెప్పలేకపోయారు. కాలేజీలు అడిగినవాళ్లందరికీ సీట్లిచ్చి గదుల సంగతి మరిచిన రోజులవి. కెనడాలోని సర్రీలో, ఇంటి కింద ఉన్న ఈ బేస్‌మెంట్ పోతే అందులో అద్దెకుంటున్న ఆరుగురూ వీధిలోనే.

మర్నాడు ఇషిత అనే కొత్త విద్యార్థిని తలుపు తట్టింది.

"గది చూసుకోమన్నారండీ ఓనరు గారు. ఆదివారం మేం అద్దెకు దిగుతున్నాం."

"నువ్వు ఆయన బిడ్డవా?" అంది నిఖిల.

"నేనా? మాది ఏలూరండీ. ఆయనెవరో నాకేం తెలుసు?"

సాయిచరణ్ గొణిగాడు: "ఆయన పంపిన మనిషే. మన మాటలు మోసుకెళ్తుంది."

నిఖిలకూ అదే అనుమానం. ఇషిత కదల్లేదు. తడి బియ్యం బస్తా చూసింది. "రేపు నన్నూ ఇలాగే గెంటుతాడుగా!" అంటూ అక్కడే కూర్చుంది.

సాయంత్రం కాలేజీ క్యాంటీన్‌లో చుట్టుపక్కల బేస్‌మెంట్ల పిల్లలంతా చేరారు. అద్దెదారుల సహాయ కేంద్రంలో విన్నది నిఖిల చెప్పింది: "నోటితో పొమ్మంటే చెల్లదంట. ఓనరు సర్కారు ఫారం మీద నోటీసు ఇయ్యాలె, గడువియ్యాలె. సామాన్లు బయటేస్తే తప్పు ఆయనదే."

"కదలకపోతే ఇమిగ్రేషన్‌కి చెప్తానంటున్నాడే!" అన్నాడు సాయిచరణ్.

"ఏమని చెప్తడు? ఒక్క గదిల ఆరుగుర్ని కుక్కిన అనా?"

నవ్వులు లేచాయి. నిఖిల నవ్వలేదు. "చట్టం తనంతట తాను వచ్చి తలుపు కాడ నిలవడదు. మనమే నిలవడాలె."

శనివారం జనార్ధనరావు తాళాలు మార్చే మనిషిని వెంటపెట్టుకొచ్చాడు. గుమ్మం నుంచి రోడ్డు దాకా చెప్పులే చెప్పులు. లోపల కాలు పెట్టే సందు లేదు. పొయ్యి మీద గిన్నె. పక్కన ఇషిత.

"రండి అంకుల్" అంది నిఖిల. "పాలు మేమే పొంగించినం. మీ అమ్మాయి ఏది?"

తాళాల మనిషి జనాన్ని చూశాడు, నోటీసేదని జనార్ధనరావును ఇంగ్లీషులో అడిగాడు, పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు.

పాలు అందరి గ్లాసుల్లోకీ సర్దుతుండగా పక్కవీధి పిల్లొకతి రొప్పుతూ వచ్చింది.

"అక్కా, మా ఓనరు కూడా కూతురొస్తోందంటున్నాడు!"

నిఖిల గ్లాసు దించి చెప్పులు వేసుకుంది. వెనక అందరూ లేచారు.