పొట్లం ఎవరి ఒళ్లో ఆగాలి

ఆ పొద్దున ఆకాశం ఇటుక రంగులో ఉంది. సూర్యుడు పైకి వచ్చాడో లేదో తెలియలేదు. ఉత్తరపు గాలి తెల్లవారుజామునే లేచి, ఎవరెవరి పొలాల మట్టినో ఎత్తుకొచ్చి మా మీద పోస్తోంది. ఎక్కడా నిప్పు రాజేయకూడదని రేడియోలో చెప్పారు. డిసెంబరు నెల, మా వైపు నడివేసవి, బడికి ఆ ఏటికి ఆఖరి రోజు, పిల్లల పార్టీ రోజు. బయట బొగ్గుల పొయ్యి వెలిగించే వీలు లేదు కాబట్టి సాసేజులు కరెంటు పెనం మీద లోపలే వేయిస్తానంది నా భార్య గ్లెనిస్. గోనెసంచుల పందెం కూడా పోయింది. ఆటలన్నీ గదిలోనే.

మా బడికి ఉన్నది ఆ ఒక్క గదే. తొమ్మిదిమంది పిల్లలు, ఒక టీచరమ్మ. ఫిబ్రవరిలో తలుపులు తెరిచేనాటికి పన్నెండుమంది లేకపోతే మూసేస్తామని అక్టోబరులో ఉత్తరం వచ్చింది. మూసేస్తే మా అమ్మాయి కెరిన్ పొద్దున గంటంబావు, సాయంత్రం గంటంబావు బస్సులో కూర్చుని పెద్ద ఊరికి పోయి రావాలి. దానికి బస్సు పడదు. చర్చి పిక్నిక్‌కి పోయినప్పుడు అరగంటకే వాంతులు పట్టుకున్నాయి. ఎనిమిదేళ్ల పిల్ల. ఆ ఉత్తరం గురించి అది మాతో ఒక్క మాటా అనలేదు. మళ్లీ పక్క తడపడం మాత్రం మొదలుపెట్టింది.

నవంబరు చివర ధాన్యం గిడ్డంగిలో పనికి నోస్కె అనే కొత్త మనిషి వచ్చాడు. ముగ్గురు పిల్లలు. తొమ్మిదికి మూడు కలిపితే ఎంతో మా ఊళ్లో ఇంకా బడికి రాని పిల్లలకు కూడా తెలుసు. వాళ్లను ఏ బడిలో వేయాలో తేల్చుకోలేదనీ, పార్టీకి వచ్చి బడి చూస్తాననీ ఆయన భార్య కోరల్ టీచరమ్మతో చెప్పింది.

పార్టీకి ముందురోజు మధ్యాహ్నం బడి కమిటీ కూర్చుంది. కమిటీ పెద్ద వెర్న్ హెన్ష్కెకు డెబ్బై దాటాయి. ఆయనా, కొడుకులూ, మనవలూ ఆ గదిలోనే అక్షరాలు దిద్దారు.

"పొట్లం ఆటలో బహుమతి వాళ్ల చిన్నపిల్లకే రావాలి," అన్నాడు.

పొట్లం ఆట లేని పార్టీ మా వైపు ఉండదు. బహుమతిని కాగితం మీద కాగితం వేసి చుడతారు. పిల్లలు గుండ్రంగా కూర్చుని దాన్ని చేతులు మారుస్తుంటారు. పాట ఆగినప్పుడు ఎవరి ఒళ్లో ఉంటే వాళ్లు ఒక పొర విప్పుతారు, అందులో మిఠాయి ఉంటే తింటారు. ఆఖరి పొర విప్పినవాళ్లదే బహుమతి. టేపు వేసేవాడు పిల్లల వైపు చూడకూడదు, వీపు తిప్పి కూర్చోవాలి.

"అది దొంగాట కదా, వెర్న్ గారూ," అంది టీచరమ్మ.

"తల్లీ, నువ్వు కాసేపు సుద్దముక్కలు లెక్కపెట్టుకో. మేం ఏం మాట్లాడుకున్నామో నీకు వినపడలేదు."

అందరూ నవ్వారు, ఆవిడ తప్ప.

"టేపు దగ్గర లాయిడ్‌ని కూర్చోబెట్టండి," అన్నాడు వెర్న్ మళ్లీ. "వీడి మొహం చూసి వీడికి పంటి నొప్పో పెళ్లో కూడా చెప్పలేం. ఒరే లాయిడ్, పొట్లం ఆ పిల్ల ఒళ్లోకి రాగానే నేను దగ్గుతా. నువ్వు టక్కున ఆపు."

సరేనన్నాను. దుమ్ము లేచి అందరూ దగ్గితే ఎలా అని మాలో ఎవరికీ తట్టలేదు. నాలుగేళ్లుగా వాన లేని చోట దుమ్ము సంగతి ఎవరు తలుచుకుంటారు?

కోరల్ పది గంటలకు వచ్చింది. సన్నగా, పొడుగ్గా, కాళ్లకు మగవాళ్ల బూట్లు. వెంట పదకొండేళ్ల రోవెనా, తొమ్మిదేళ్ల బ్రెట్, ఐదేళ్ల మార్లిస్. కోరల్‌ని కూర్చోనిచ్చినవాళ్లు లేరు. ఒకరు టీ, ఒకరు కేకు, ఒకరు విసనకర్ర.

"మీ ఆయన ఫుట్‌బాల్ ఆడతాడా?" అని అడిగాడు వెర్న్.

"ఆడేవాడు. మోకాలు పోయింది."

"ఫర్వాలేదమ్మా, మా జట్టులో మోకాళ్లున్నవాడు ఒక్కడూ లేడు."

ఆమె కొద్దిగా నవ్వింది. ఆ నవ్వును గదిలో ఉన్న పెద్దవాళ్లందరం చూశాం.

మొదట చాక్లెట్ ఆట. పాచిక వేస్తే ఆరు పడాలి. పడినవాడు మధ్యలోకి ఉరికి ఉన్ని టోపీ, మఫ్లరు, చేతితొడుగులు వేసుకుని, కత్తీ ఫోర్కులతోనే చాక్లెట్ కోసుకు తినాలి. ఈలోగా ఇంకొకరికి ఆరు పడితే అన్నీ విప్పి ఇచ్చేయాలి. ఆ ఉక్కకు చాక్లెట్ పళ్లెంలో బురదలా అయింది. పిల్లలకు మోచేతుల దాకా అంటింది. బ్రెట్‌కు మాత్రం ఆరు పడదు.

"ఊదరా! ఊది వెయ్యి!"

"వీడి పాచికకు ఆరు ముద్రించలేదురోయ్!"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. నేను గోడకు ఆనుకుని ఆ పాచిక వంక చూస్తున్నాను. వాన కోసం కూడా నేనట్లా ఎప్పుడూ చూడలేదు. ఎనిమిదోసారికి ఆరు పడింది. వాడు ఒక చేతికి తొడుగు వేసుకున్నాడో లేదో పక్కవాడికి కూడా ఆరు పడింది. బ్రెట్ పళ్లెంలో వేలు పెట్టి ఒక్క గీత నాకి పారిపోయాడు. గది గొల్లుమంది. వాడూ పడీపడీ నవ్వాడు. గ్లెనిస్ పెనం మీది నుంచి తలెత్తి నా వంక చూసింది. ఆమె కళ్లలో తడి కనిపించింది.

తరవాత పొట్లం ఆట. నేను వీపు తిప్పి కిటికీకి ఎదురుగా కూర్చుని టేపు వేశాను. తలుపు సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కినా దుమ్ము గదిలోకి వస్తూనే ఉంది. ఒక పొర, రెండో పొర. ఎవరో ఒకరు దగ్గుతూనే ఉన్నారు. ఏది పిల్లల దగ్గో, ఏది వెర్న్ దగ్గో తెలుసుకోవడానికి చెవులు రిక్కించాను. పన్నెండు పొరలు ఎలాగో గడిచాయి, తలా ఒకటి వచ్చింది. ఇక ఆఖరిది.

పాట నడుస్తోంది. పొట్లం చేతులు మారే చప్పుడు వినిపిస్తోంది. నా వేలు మీట మీదే ఉంది. వెర్న్ దగ్గాడు. వెర్నే, పొరపాటు లేదు. నొక్కాను.

తిరిగి చూశాను.

పొట్లం మా కెరిన్ ఒళ్లో ఉంది.

"దగ్గొచ్చిందిరా," అన్నాడు వెర్న్ గొంతు పట్టుకుని. "నిజం దగ్గే వచ్చింది."

"వాళ్ల నాన్నేగా టేపు దగ్గర!" అన్నాడు డన్‌స్టన్ వాళ్ల పెద్దబ్బాయి. "దొంగాట! దొంగాట!"

"విప్పు కెరిన్," అంది టీచరమ్మ చిన్నగా.

అది విప్పలేదు. లేచి వెళ్లి పొట్లాన్ని మార్లిస్ ఒళ్లో పెట్టింది.

"ఇది నీకే. రంగు పెన్సిళ్లు, ముప్ఫై ఆరు. మా అమ్మ నీకోసమే చుట్టింది, నేను చూశా. నువ్వు మా బడికి వచ్చెయ్యి. నా పక్కన కూర్చో. కిటికీ వైపు నువ్వే కూర్చో. మీరు వస్తే నేను బస్సెక్కక్కర్లేదు."

కోరల్ టీ కప్పు కింద పెట్టింది. నా దగ్గరికి వచ్చి, "ఒకసారి ఇటు రండి," అంది. పిల్లల సంచులు తగిలించే వసారాలోకి వెళ్లాం. రేకుల మీద ఇసుక చిటపటలాడుతోంది.

"ఎంతమంది కావాలి మీకు?"

"పన్నెండు."

"అంటే మావాళ్లతో సరిగ్గా సరి."

"అవును."

నా నోట్లో మాటలు ఎప్పుడూ తక్కువే. ఉన్నవన్నీ కూడదీసుకున్నాను.

"ఒక్క ఏడాది, కోరల్ గారూ. ఒక్క ఏడాది చాలు. మీ పిల్లల్ని రోజూ నేనే తీసుకొచ్చి దింపుతాను. మీకేం కావాలన్నా అడగండి, చేస్తాం. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"అట్లా అనకండి." మొహం తిప్పుకుంది. "కిందటి ఊళ్లోనూ ఇంతేనండీ. కేకు మీద మా పిల్లల పేర్లు రాసి మరీ పెట్టారు. జూన్‌లో ఒక కుటుంబం వెళ్లిపోయింది, జూలైలో బడి మూసేశారు. అంతకుముందు ఊళ్లోనూ అదే. మా రోవెనా ఇంక స్నేహితుల పేర్లు కూడా చెప్పదు నాకు, ఎందుకులే అని." మళ్లీ నా వైపు తిరిగింది. "ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పండి. ఈ తొమ్మిదిమందిలో పోయేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

లేరని అనొచ్చు. నా మొహంలో ఏదీ కనపడదని వెర్న్ ఊరికే అనలేదు. లోపల పిల్లలు మళ్లీ కేకలు మొదలుపెట్టారు, వాటిలో కెరిన్ గొంతు లేదు. ఆ ఒక్క మాట నా నాలుక మీదికి వచ్చింది. ఆమె చెయ్యి ఒక సంచి పట్టీని మెలిపెడుతోంది. పదకొండేళ్ల పిల్ల స్నేహితుల పేర్లు చెప్పదట.

"డన్‌స్టన్ వాళ్ల పొలం ఆగస్టు నుంచీ అమ్మకానికి ఉంది," అన్నాను.

"పిల్లలెంతమంది?"

"ఇద్దరు."

ఆమె చాలాసేపు తల ఊపుతూనే ఉంది. "మరి నావల్ల కాదండీ. మీ మీద కోపంతో కాదు. నావల్ల కాదు."

"తెలుసు," అన్నాను.

మేం లోపలికి వచ్చేసరికి అందరి చూపులూ నా మీదే ఉన్నాయి. నా మొహంలో ఏముందో నాకు తెలియదు కానీ గ్లెనిస్ పెనం కట్టేసి, కాసేపు గోడ వైపు తిరిగి నిలబడింది. వెర్న్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. కోరల్ వెనక్కి తిరిగి వసారాలోంచి పిల్లల సంచులు అందుకుంది.

"తిని వెళ్లండి," అంది గ్లెనిస్ అటు తిరిగే. "వండేశాం."

కోరల్ సంచులు మళ్లీ కొక్కేనికి తగిలించింది.

చిన్న బల్లలు నాలుగు కలిపారు. సాసేజులు రొట్టెముక్కల్లో చుట్టి, వెన్న రాసిన రొట్టె మీద రంగు చక్కెర పూసలు చల్లి, పళ్లేల్లో పెట్టారు. పెద్దవాళ్లం కూడా ఆ పిల్లల కుర్చీల్లోనే మోకాళ్లు గడ్డాలకు తగిలేలా కూర్చున్నాం. కెరిన్ నా పక్కకు వచ్చి కూర్చుంది. నన్నేమీ అడగలేదు. టమాటా సాసు అందివ్వమని కూడా ఎవరూ అడగలేదు, కావలసినవాళ్లు చెయ్యి చాచి తీసుకున్నారు. రొట్టెలో దుమ్ము కరకరలాడింది. అట్లాగే నమిలి మింగాం.