కాలువ కట్టేసిన వారం

ఆకులవారిపేట వంతెన మీదుగా రోజుకు సగటున 238 వాహనాలు వెళుతున్నాయని జిల్లా పరిషత్ పనుల కమిటీ ముందు పెట్టిన జాబితాలో ఉంది. మొగలికోడు వంతెన మీదుగా 1,086. ఆ సబ్‌డివిజన్‌లో ఈ ఏడాది ఒక్క వంతెనకే నిధులున్నాయి. జాబితాలో మొగలికోడుది మొదటి స్థానం, ఆకులవారిపేటది తొమ్మిదో స్థానం.

సంపూర్ణమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. ఆమె జెడ్పీటీసీ సభ్యురాలు. అంతకు ముందు ముప్పై ఒక్కేళ్లు లెక్కల టీచరు. ఇల్లు ఆకులవారిపేటలోనే. వంతెన బరువు మోయలేదని మూడేళ్ల కిందట దానికి రెండు వైపులా బోర్డులు పెట్టారు. ఆ రోజు నుంచి తణుకు బస్సు ఊళ్లోకి రావడం మానేసింది. కాలేజీకి వెళ్లే పిల్లలు వంతెన దాటి అవతలి స్టాపు దాకా రెండు కిలోమీటర్లు నడుస్తున్నారు. నిరుడు ఇద్దరు ఆడపిల్లలు చదువు మానేశారు. ఆ ఇద్దరూ పదో తరగతి దాకా సంపూర్ణమ్మ దగ్గర చదివినవాళ్లే. బస్సు రావాలంటే కొత్త వంతెన కట్టాలి. ఆమె పదవీకాలం ఇంకో ఏడాది కూడా లేదు.

సమావేశంలో ఆమె ఒక్కటే అడిగారు.

"ఈ లెక్క ఏ తేదీల్లో తీశారండి?"

"మే ఐదు నుంచి పదకొండు వరకండి. ఏడు రోజులూ, ఇరవై నాలుగ్గంటలూ," అన్నారు పంచాయతీరాజ్ డీఈ ఎజ్రా. సబ్‌డివిజన్‌లో రోడ్ల లెక్కలన్నిటి మీదా ఆయన సంతకమే ఉంటుంది.

ఆమె ఆ తేదీలను కాగితం అంచున రాసుకున్నారు. పక్క కుర్చీలో ఉన్న శివరామరాజు అది చూసి నవ్వారు. ఆయన పక్క మండలం జెడ్పీటీసీ. మొగలికోడు ఆయన మండలంలోదే.

"ఏంటండి టీచర్‌గారూ, మార్కులు వేస్తున్నారా?"

"దిద్దాక చెప్తానండి రాజుగారూ."

జాబితాను ఒక సమావేశంలో పెట్టి తర్వాతి సమావేశంలో ఆమోదించడం ఆ కమిటీ పద్ధతి. ఆమెకు నెల రోజుల గడువుంది.

ఆ సాయంత్రం ఆమె లాకుల దగ్గరికి వెళ్లారు. చిట్టియ్య అక్కడ లస్కరు. లాకుల తలుపులు ఎత్తడం, దించడం, కాలువలో నీళ్లు ఎంత ఉన్నదీ రోజూ రాయడం అతని పని. ఆమె అడిగితే రిజిస్టరు తెరిచాడు.

"ఏప్రిల్ పదహారున కట్టేశారండి. జూన్ మూడున వదిలేరు. ఎంచేతండి?"

"మే నెలలో నువ్వు మెయిన్ రోడ్డుకి ఎలా వెళ్లావు చిట్టియ్యా?"

"ఎలాగేంటండి, రేవులో దిగి అటెక్కేశాను. ఎండిపోయిన కాలవ ఎదురుగా ఉంటే వంతెన దాకా ఎవడెళ్తాడండి? తమరూ అంతే కదండీ. స్కూటీ మీద దిగబోయి పడ్డారు కూడానూ."

"అది రిజిస్టర్లో రాయకు."

ఏటా వేసవిలో మరమ్మతుల కోసం డెల్టా కాలువలకు నీళ్లు ఆపేస్తారు. ఆ నెలన్నర కాలువ అడుగే దారి. ఆకులవారిపేట ఇళ్లు ఒక గట్టున ఉంటే మెయిన్ రోడ్డు ఎదుటి గట్టున ఉంది. వంతెన ఊరికి ఒకటిన్నర కిలోమీటర్లు దిగువన ఉంది. నీళ్లు లేనప్పుడు మోటారుసైకిళ్లు, ఆటోలు, ట్రాక్టర్లు రేవులోకి దిగి ఎదుటి గట్టెక్కుతాయి. నీళ్లు వదిలాక మళ్లీ వంతెనే గతి.

మొగలికోడులో ఉన్నది మురుగు డ్రెయిను. దాన్ని కట్టేయడం ఉండదు. జాబితాలోని మిగతా వంతెనలూ డ్రెయిన్ల మీదివే. మేలో కూడా అందులో నీళ్లుంటాయి, అందరూ వంతెన మీదుగానే వెళతారు. అంటే రెండు వంతెనల్లో ఒకదాన్ని మామూలు రోజుల్లోనూ, రెండోదాన్ని జనం వాడని నెలలోనూ లెక్కపెట్టారు. లెక్క రాసినవాళ్లు, తనిఖీ చేసినవాళ్లు, సంతకం పెట్టినవాళ్లు అందరూ డెల్టాలో పుట్టి పెరిగినవాళ్లే. ఆ వారం వాళ్లు కూడా ఎండిన కాలువలోంచి బండ్లు ఎక్కించుకుని వచ్చి, వంతెన చివర కుర్చీ వేసుకుని, ఎవరూ రావడం లేదని రాశారు.

మర్నాడు పదింటికి సంపూర్ణమ్మ డీఈ ఆఫీసులో ఉన్నారు. లస్కరు రిజిస్టరు పేజీని ఫోన్లో ఫోటో తీసి తెచ్చారు. ఎజ్రా దాన్ని పెద్దది చేసి చూశారు, తేదీలు చూశారు, ఫోను బల్ల మీద పెట్టారు.

ఎజ్రా భార్య రూబీది ఆకులవారిపేట. ఆ ఊళ్లో ఆయన్ని ఎవరూ డీఈగారూ అనరు, అల్లుడుగారూ అంటారు.

"ఆ వారం నేను కావాలనే అటు రాలేదండి," అన్నారాయన. "అత్తారి ఊరి లెక్కలో వేలు పెట్టాడంటారని."

"వచ్చుంటే మీరూ కాలవలోంచే వచ్చేవారు. అప్పుడే తెలిసేది."

"ఇప్పుడు తప్పయిందని నేను లేచి చెప్తే ఏమంటారో తెలుసాండి? మామగారు ఫోన్ చేశారంటారు."

"చేశారా?"

"చేశారండి. మామిడిపళ్లు పంపాను, అందాయా అని."

"అడిగితే అదే చెప్పండి."

ఎజ్రా నవ్వలేదు. ఆయనకు ఈఈ ప్రమోషన్ ఫైలు నడుస్తోంది. "మీరే మీటింగులో అడగొచ్చు కదండీ. తేదీలు మీ దగ్గరున్నాయి. నేను జవాబు చెప్తాను."

"నేనడిగితే మా ఊరి కోసం అడిగినట్టే ఉంటుంది. వంతెన మాకొచ్చినా దెబ్బలాడి తెచ్చుకున్నారంటారు. లెక్క మీది. తప్పని మీరు చెప్తేనే అది తప్పవుతుంది."

ఆయన రిజిస్టరు తేదీలను డైరీలో రాసుకుని, "సరేనండి. మళ్లీ లెక్కపెట్టించాలి. కానీ ఎవరి చేత? నా స్టాఫంటే అవతలివాళ్లు నమ్మరు," అన్నారు.

"క్లాసులో ఒకరి పేపరు ఒకరికిచ్చి దిద్దించేదాన్ని. ఎదుటివాడికి ఊరికే మార్కులు ఎవరూ వేయరు. మా వంతెన మొగలికోడు వాళ్లని లెక్కపెట్టమనండి. వాళ్లది మావాళ్లు పెడతారు."

జూలై సమావేశంలో జాబితా ఆమోదానికి రాగానే ఎజ్రా లేచారు. ఆకులవారిపేట లెక్క తప్పని చెప్పారు. కాలువ కట్టేసిన రోజుల్లో తీశామని, ఆ సంగతి తనకు తట్టలేదని, సంతకం తనదే కాబట్టి బాధ్యత తనదేనని చెప్పారు. మూడు నిమిషాలు మాట్లాడారు. కింది ఉద్యోగుల పేర్లు ఎత్తలేదు.

వెనక వరసలోంచి ఒక సభ్యుడు, "అది మీ అత్తారి ఊరు కదండీ?" అన్నాడు.

"అవునండి. అందుకే ఆ వంతెన నా మనుషులు లెక్కపెట్టకూడదని రాసిచ్చాను. మొగలికోడు గ్రామ సచివాలయం వాళ్ల చేత పెట్టించమన్నాను."

అందరూ శివరామరాజు వైపు చూశారు. ఆ రోజు ఓటు పెడితే జాబితా ఉన్నది ఉన్నట్టు నెగ్గేది. సభ్యుల్లో ఎక్కువమంది ఆయన మాట వింటారు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మా చేపల చెరువుల మీద పనిచేసే మనిషి వేసవిలో రోజూ కాలవలోంచే వస్తాడండి," అన్నారు. "వాడి కాళ్లకి మట్టి చూసి తిట్టాను కూడా. అయినా ఈ కాగితం చూసినప్పుడు నాకూ తోచలేదు. లెక్కపెట్టించండి. మావాళ్లు ఒక్క సైకిలు కూడా ఎక్కువ రాయరు, ముందే చెప్తున్నాను."

"ఎక్కువ అక్కర్లేదండి. తక్కువ రాయకపోతే చాలు," అన్నారు సంపూర్ణమ్మ.

ఆగస్టు రెండో వారంలో లెక్క మొదలైంది. అప్పటికి కాలువ నిండుగా పారుతోంది. మొగలికోడు సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంట్ హేమశ్రీ ముగ్గురు మనుషులతో వచ్చి వంతెన చివర టెంటు వేయించుకుంది. పేట ఆడవాళ్లు ఇడ్లీలు తెస్తే వద్దంది.

"ఏం అమ్మాయ్, మా ఇడ్లీ తింటే మా బళ్లు ఎక్కువ కనిపిస్తాయా?" అంది ఒకావిడ.

"కనిపించవండి. కానీ మా ఊళ్లో అలాగే అంటారు."

"మంచినీళ్లు తాగు. వాటికెవరూ ఏమీ అనరు," అని సంపూర్ణమ్మ సీసా ఇచ్చి వెళ్లిపోయారు.

మూడో రోజు మధ్యాహ్నం హేమశ్రీ ఆమెకు ఫోన్ చేసింది.

"మేడమ్, ఒక బండి పొద్దుట్నుంచీ పద్దెనిమిదిసార్లు దాటిందండి. నంబరు రాసుకున్నాను. ఏం చేయమంటారు?"

అది బుల్లియ్య బండి. ఊళ్లో ఎరువుల కొట్టు అతనిది, యాభై ఏళ్లు దాటాయి. సంపూర్ణమ్మ వెళ్లేసరికి పంతొమ్మిదోసారి వస్తున్నాడు.

"కొట్టు మూసేశావా బుల్లియ్యా?"

"లేదండి, మా ఆవిడుంది. ఊరి కోసమని..."

"ఊరి కోసమైతే ఇంటికెళ్లు. నీ మూలాన మొత్తం లెక్క అబద్ధమంటే ఇంకో ఐదేళ్లు ఇదే బోర్డు చూస్తూ కూర్చోవాలి. పెట్రోలు ఎంత తగలేశావు?"

"రెండొందలండి."

"బాగుంది."

ఆమె హేమశ్రీ వైపు తిరిగి, పోవడం ఒకటి, రావడం ఒకటి ఉంచి మిగతావి కొట్టేయమన్నారు. హేమశ్రీ కొట్టేసి, పక్కన సంతకం పెట్టమంది. ఆమె పెట్టారు. బుల్లియ్య బండి నడిపించుకుంటూ వెళ్లాడు. టెంటులో ఉన్నవాళ్లు నవ్వారు, తర్వాత ఆ వారమంతా ఎవరూ రెండోసారి ఊరికే తిరగలేదు.

సెప్టెంబరులో లెక్కలు వచ్చాయి. మొగలికోడు 1,071. ఆకులవారిపేట 1,312. కమిటీ ఆకులవారిపేటను మొదటి స్థానంలో పెట్టి ఆమోదించింది. వచ్చే ఏప్రిల్‌లో కాలువ కట్టగానే పునాదులు తవ్వాలని, నీళ్లు వదిలే లోపు కాలువలో పని పూర్తి చేయాలని తీర్మానంలో రాశారు. ఎజ్రా ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకున్నారు. ఆయన ప్రమోషన్ ఫైలులో ఆకులవారిపేట లెక్కకు సంబంధించి సంజాయిషీ అడిగిన కాగితం ఒకటి చేరింది. ఆయన జవాబు ఒక పేజీలో రాసిచ్చారు.

మెట్లు దిగుతూ శివరామరాజు, "ఈ సాయంత్రం మొగలికోడు వెళ్లి చెప్పాలండి. పేపర్లో చూసి తెలుసుకుంటే బాగోదు," అన్నారు.

"ఒక్కరే వెళ్తారా?"

"తిట్లు తినడానికి తోడెందుకండి?"

"నేనూ వస్తాను. సగం సగం తిందాం."

ఐదింటికి మొగలికోడు పంచాయతీ ఆఫీసు ముందు నలభైమంది దాకా ఉన్నారు. కారులోంచి సంపూర్ణమ్మ దిగడం చూసి ఎవరో, "రాజుగారూ, మా వంతెన ఎంతకిచ్చేశారండి?" అన్నారు. ఇంకొకరు, "కొన్నవాళ్లని కూడా తీసుకొచ్చారే!" అన్నారు.

శివరామరాజు చెప్పబోయారు. అరుపుల్లో వినిపించలేదు. సంపూర్ణమ్మ మొదలుపెడితే అరుపులు పెరిగాయి. అప్పుడు హేమశ్రీ ఆఫీసులోంచి కాగితాలు పట్టుకుని వరండాలోకి వచ్చింది. ఎవరినీ ఆగమనలేదు. సోమవారం నుంచి ఆదివారం దాకా ఏ రోజు ఎన్ని బళ్లో గట్టిగా చదవడం మొదలుపెట్టింది. బుధవారం దగ్గరికి వచ్చేసరికి మాటలు తగ్గాయి.

"ఏడు రోజులూ నేనే కూర్చున్నానండి," అంది చివరికి. "దొంగ తిరుగుళ్లు తిరిగిన బండిని కొట్టేశాను. టీచర్‌గారే కొట్టేయమన్నారు, సంతకం ఇదిగో. నేను మన ఊరిదాన్ని. అనుమానముంటే నన్నడగండి."

కొందరు లేచి వెళ్లిపోయారు. మాణిక్యాంబ అనే ఆవిడ మెట్టు మీద కూర్చుని ఉంది. ఆమె మనవరాలు తణుకు కాలేజీలో చదువుతోంది.

"అక్కడ కాలేజీ పిల్లలు నడిచే వెళ్తున్నారటగా, నిజమేనా?" అని అడిగింది.

"నిజమేనండి. రోజుకి అరవై ముగ్గురు. నడిచేవాళ్లని లెక్కపెట్టమని నాకెవరూ చెప్పలేదు. వేరే కాగితం మీద రాసుకున్నాను."

"మాకు బస్సు వంతెన దాకా వస్తోంది. ముందు వాళ్లకి కానివ్వండి," అంది మాణిక్యాంబ. "వచ్చే ఏడు మాత్రం మాదే, రాజుగారూ. ఆ సంగతి రాసివ్వండి."

శివరామరాజు అక్కడే రాసిచ్చారు. దాని కింద సంపూర్ణమ్మ కూడా సంతకం పెట్టారు.

వెళ్లే ముందు ఆమె హేమశ్రీని ఆ వేరే కాగితం అడిగారు. పిల్లలు ఏ వేళకు ఎంతమంది దాటారో అందులో ఉంది. ఎక్కువమంది ఏడుంబావుకూ ఏడున్నరకూ మధ్య దాటారు. అంటే ఏడింటికే ఇంటి దగ్గర బయల్దేరుతున్నారు. మర్నాడు ఉదయం ఆమె ఆ కాగితంతో తణుకు బస్ డిపోకు వెళ్లారు. వంతెన పూర్తయ్యాక ఊళ్లోకి మొదటి బస్సు ఏడు గంటలకు రావాలని అర్జీ రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చారు.