ఎంగిలి మూత

పక్కింటి తవిటమ్మకు పాలవాడు చెప్పాడట. తవిటమ్మ సరోజినికి చెప్పింది. సరోజిని మొగుడు దాలినాయుడికి చోడి అంబలి పోస్తూ చెబుతోంది: గౌరీసు తన ఇంటి ఫ్రిజ్‌లో రెండు మలుపులు దాచుకున్నాడు. జాపరకొండ ఘాట్‌రోడ్డు మలుపులే. తడిగుడ్డ చుట్టి, కరివేపాకు కింద పెట్టాడు.

"అందరికీ పద్నాలుగు మలుపులైతే ఆడికి పన్నెండేనంట మావా. మరి కొండెక్కీడా?"

దాలినాయుడు గ్లాసు కింద పెడతాడు. మలుపులు ఫ్రిజ్‌లో పట్టడం అతనికి వింతగా లేదు. తన ఫ్రిజ్‌లో ఏముందన్నదే అతని బాధ.

"మన దాన్లో ఏటున్నాది?"

"పులిసిపోయిన పిండి."

అతని కడుపులో మంట లేస్తుంది. అంబలికి చల్లారే మంట కాదు.

గౌరీసు, అతను ఒకే ఊరివాళ్లు. ఒకే పంపుసెట్ల కంపెనీ జట్టులో సైకిల్ తొక్కడం ఇద్దరి ఉద్యోగం. గౌరీసు గెలిచేవాడు, దాలినాయుడు నీళ్లు మోసేవాడు. పందెం నడుస్తూండగా వెనక్కి జారి, జట్టు జీపులోంచి ఏడు సీసాలు అందుకుని, చొక్కాలో కుక్కుకుని, రొప్పుకుంటూ మళ్లీ ముందుకు రావాలి. గౌరీసు ఒంటిచేత్తో అందుకుంటాడు గనక మూతను పంటితో పైకి లాగి మరీ ఇవ్వాలి. పదకొండేళ్లుగా లాగుతున్నాడు. ముందుపన్ను వంకరపోయింది. ఆ సీసాల్లోంచి తను ఒక్క గుక్క తాగడు. తాగొద్దని ఎవరూ అనలేదు, తాగమనీ అనలేదు.

ఇవాళ అయిదు రోజుల పందెంలో ఆఖరి రోజు. అందరికన్నా ముందున్నవాడు తొడుక్కునే పసుపు చొక్కా గౌరీసు ఒంటిమీద ఉంది. రెండో స్థానంలో ఉన్నది దాలినాయుడే. నీళ్లు మోస్తూ మోస్తూ రెండోవాడయ్యాడు, ఆ సంగతి ఒక్క పేపరువాడూ రాయలేదు. గౌరీసు దొంగ మందు వాడాడని తేలితే మాత్రం ఆ చొక్కా విప్పి తనకు తొడుగుతారు.

పందేనికి పోతూ గౌరీసు ఇంటి ముందు ఆగుతాడు. తలుపు తీసే ఉంది. ఫ్రిజ్ తెరుస్తాడు. కరివేపాకు కింద ఎనిమిదో మలుపూ తొమ్మిదో మలుపూ చుట్టచుట్టుకుని పడుకున్నాయి. తొమ్మిదోదాంట్లో కిలోమీటరు రాయి, రాయి మీద చలికి వణుకుతూ ఒక కోతి. తలుపు వెయ్యమని కోతి చేత్తో సైగ చేస్తుంది. దాలినాయుడు వేస్తాడు. గోడమీది కేలండర్‌లో నిన్నటి కాగితం చింపి దాని వెనక రాస్తాడు: గౌరీసును పరీక్ష చెయ్యండి. పేరు పెట్టడు. జట్టు జీపు పక్కనే ఉన్న ఫిర్యాదుల డబ్బాలో పడేస్తాడు.

ఘాట్‌రోడ్డులో ఏడో మలుపుదాకా గౌరీసు అతని పక్కనే ఉంటాడు. ఏడు దాటాక పదిలో ఉంటాడు. మధ్యలోని రెండూ దాలినాయుడి దారిలోనే ఉన్నాయి, గులకరాళ్లతో సహా. గౌరీసు ఛాతీ కదలదు. అతని వంతు రొప్పు కూడా దాలినాయుడే రొప్పుతున్నాడు. జనం "గౌరీసూ!" అని అరుస్తారు. ఆ అరుపులు కొమ్మలు పట్టుకుని వేలాడుతుంటాయి, దాలినాయుడు వాటి కింద తల వంచుకుని తొక్కుతాడు.

పందెం అయ్యాక కొండమీది బడిగదిలో పరీక్ష. మొదటి ఇద్దరినీ పిలిచారు. అధికారిణి ఆ చివర బల్ల వెనక కూర్చుని ఉంది. దాలినాయుడు నడిచేకొద్దీ గది పొడుగవుతుంది. గౌరీసు రెండడుగుల్లో బల్ల చేరతాడు. ఇక్కడ కూడా ఆడిదే సుఖం, అనుకుంటాడు దాలినాయుడు.

రూలు ప్రకారం సాక్షి చూస్తూండగా గౌరీసు రెండు సీసాల్లో మూత్రం పట్టి తెస్తాడు. మొదటి సీసాలో తేడా ఏమీ లేదు. రెండోదాన్ని అధికారిణి కిటికీ వెలుగులో పెడుతుంది. అందులో కొండదారి. దారిమీద బొటనవేలంత మనిషి సైకిల్ తొక్కుతూ ఎక్కుతున్నాడు. చొక్కాలో ఏడు సీసాలు ఉబ్బి ఉన్నాయి.

"ఈయన మీకేమవుతారు?"

"మా ఊరోడేనండి. దాలి," అంటాడు గౌరీసు.

"అది కాదండి మేడమ్," ఎట్టకేలకు బల్ల చేరిన దాలినాయుడు అందుకుంటాడు. "ఆడి ఫ్రిజ్ సూడండి. రెండు మలుపులు దాసీసినాడు."

"చూశాం. మలుపులు ఇంటిసామాను కింద వస్తాయి. నిషేధం లేదు. కోతికి మాత్రం దుప్పటి ఇమ్మని చెప్పాం."

"మరింకేటి తప్పు?"

"ఇంకొకరి ఊపిరి తాగడం. ఎంగిలితోపాటు దిగింది. సీసాల మూతలు ఎవరు తీస్తారు?"

ఆమె మైనం ముద్ద ఇస్తుంది. దాలినాయుడు కొరుకుతాడు. వంకరపన్ను గుర్తు సీసా మూతమీది గాటుకు అచ్చంగా సరిపోతుంది. ఆమె జాబితా తెరిచి, నోరు తిరగని రెండు మందుల పేర్ల మధ్య అతని పేరు రాస్తుంది.

"ఈరోజునుంచి మీరు నిషిద్ధ పదార్థం. ఏ సైకిల్ ఆటగాడికీ వంద అడుగుల లోపల ఉండకూడదు."

"నానూ సైకిల్ ఆటగాడినే గదండి."

"అయితే మీకూ మీరు వంద అడుగుల దూరంలో ఉండండి."

దాలినాయుడు తన దగ్గర్నుంచి వెనక్కి నడిచి, గది అవతలి గోడకు ఆనుకుని నిలబడతాడు. అక్కడ్నుంచి కూడా అన్నీ బాగానే కనిపిస్తున్నాయి.

గౌరీసు చొక్కా విప్పి బల్లమీద పెడతాడు. పదకొండేళ్లలో మొదటిసారి రొప్పుతున్నాడు. "నాను నీళ్లే అనుకున్నాన్రా దాలీ."

"ఇన్నేళ్లూ నీళ్లనుకున్నావా? నంజికొడకా, నా ఊపిరది!"

"మరి సెప్పాల గదేటి?"

బల్లమీద పసుపు చొక్కా ముడుచుకుంటూ ముడుచుకుంటూ గోరంతవుతుంది. అధికారిణి దాన్ని పట్టకారుతో ఎత్తి రెండో సీసాలో వేస్తుంది. సీసాలోని దాలినాయుడు తొక్కడం ఆపకుండానే దాన్ని తొడుక్కుంటాడు. బయట జనం "దాలినాయుడూ!" అని అరుస్తారు. కిటికీ ఊచల సందుల్లోంచి చేతులు చాపి ఆ సీసాకే పూలు వేస్తున్నారు. గోడదగ్గర ఉన్నవాడివైపు ఎవరూ చూడరు.

అతని కడుపులోని మంట గొంతుదాకా వస్తుంది. గౌరీసు మీద కూడా ఇంత మండలేదు. తన పేరు, తన పన్ను, తన చొక్కా. ఆ వేలెడంతవాడు ఏడో మలుపు దాటాడు, ఎనిమిది దాటాడు, ముఖంమీద అలుపు లేదు.

"ఈడినీ పరీక్ష సెయ్యండి మేడమ్!" అవతలి గోడనుంచి అరుస్తాడు. "పదకొండేళ్లు తొక్కినాను, నానెప్పుడూ ఇలాగ ఎక్కనేదు. ఈడేటో వాడుతున్నాడు!"

అధికారిణి సీసామీద వంగుతుంది. గౌరీసు రొప్పు బిగబడతాడు. సీసాలో తొమ్మిదో మలుపు దగ్గర సైకిల్ ఆగుతుంది. కోతి దుప్పటి సర్దుకుని రాయిమీద కాస్త జరిగి చోటిస్తుంది. వేలెడంత దాలినాయుడు కూర్చుని, చొక్కాలోంచి ఒక సీసా తీసి, వంకరపన్నుతో మూత లాగి, అడుగంటా తాగి, మూతి తుడుచుకుని, గాజులోంచి గోడవైపు చూస్తాడు.

"మూత ఎలాగూ నోట్లోనే ఉన్నాది. దాహమేసినాది. తాగినాను."