మెట్ల దగ్గర ఆగిన నిమ్మమొక్కలు

వఖ్ష్ లోయలో వసంతం వచ్చిందంటే మంగళవారాలు ఎవరికీ పని మీద ధ్యాస ఉండదు. తందూరులోంచి రొట్టెలు తీసేసి, కుక్కల్ని కట్టేసి, గుమ్మాల ముందు పళ్ళేల్లో నీళ్ళు పెట్టుకుని కూర్చుంటారు. పొద్దెక్కేసరికి కాలవగట్టు మీద నర్సరీ నిమ్మమొక్కలు నడుచుకుంటూ వస్తాయి. బండెక్కిస్తే కడుపులో తిప్పి ఆకులు రాల్చుకుంటాయి గనక వాటిని నడిపించే పంపుతారు. దారిలో పళ్ళేల్లో వేర్లు తడుపుకుని, ఎవరి మొక్కలు వాళ్ళ కందకంలోకి దిగిపోతాయి. మనిషి లోతు తవ్విన ఆ కందకాల్లో అయితేనే నిమ్మ అక్కడి చలికి తట్టుకుంటుంది.

ఆ మంగళవారం మొహ్రూఖ్ సంతోషం పట్టలేక టీ కూడా వదిలేసి గుమ్మంలోకొచ్చి నిలబడింది. చలికాలమంతా నర్సరీలో అంటు కట్టి, కూలికి బదులు మొక్కలే అడిగింది మరి. మూడాకుల ముళ్ళ నారింజ వేరుమొక్క మీద, తెగులు లేదని పరీక్షల్లో తేలిన తల్లిచెట్టు మొగ్గ అతికించి, పేనుబంక దూరని వలల కింద పెంచిన మొక్కలు. ఒక్కోదాని మెడలో నర్సరీ ముద్ర వేసిన నీలం చీటీ.

ఆమె కాపురానికొచ్చిన ఏడాదే అత్తవారి కందకంలో చెట్లు ఎండడం మొదలైంది. నర్సరీవాళ్ళు తెగులన్నారు. అత్త ఓయిషా మాత్రం కోడలి అడుగు మంచిది కాదంది. చివరికి ఓయిషా చేత్తో నాటిన ఒక్క చెట్టే పచ్చగా మిగిలింది. వీధిలో ఏ పెళ్ళికూతురు అత్తారింటికి బయల్దేరినా అక్కడ అంటు కట్టుకోమని ఆ చెట్టు కొమ్మ తడిగుడ్డలో చుట్టి ఇవ్వడం ఆవిడకి మహా గొప్ప. ఈసారీ కందకం నిండకపోతే మట్టి పోయించి కార్లు కడిగే షెడ్డు వేస్తానని మొహ్రూఖ్ మొగుడు సైవలీ తేల్చేశాడు. పూడ్చేస్తే తన మీది నింద ఇక చచ్చేదాకా పోదని ఆమె బెంగ.

మొక్కలు రానే వచ్చాయి. హుషారుగా సందు తిరిగాయి, గుమ్మం దాటాయి, కందకం మెట్ల దాకా వచ్చి టక్కున ఆగిపోయాయి. మొహ్రూఖ్ పక్కన నిలబడి పేరుపేరునా బతిమాలింది. ఒక్కటీ కదల్లేదు. వీధి వీధంతా చూస్తోంది.

"కందకానికేం, నిక్షేపంలా ఉంది," అంది ఓయిషా కందకంలోంచి. "ఆ మెట్ల దగ్గరున్న మనిషిని తప్పుకోమనండి."

మొహ్రూఖ్‌కి తల కొట్టేసినట్టయింది. రుమాలు మొహం మీదకి లాక్కుని కాలవ వైపు గబగబా నడిచింది. వెనకాల తడి చప్పుడు వినిపించి తిరిగి చూసింది. మొక్కలన్నీ ఆమె వెంటే వస్తున్నాయి. ఆమె జోళ్ళ చుట్టూ మూగి, లేత ఆకులు గౌను అంచుకి ఆనించి నిలబడ్డాయి. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఓయిషాకి రోషం పొడుచుకొచ్చింది. తన చెట్టు కొమ్మ విరిచి పట్టుకొచ్చి, ఇదిగో మీ పెద్దమ్మ, రండి అంటూ వాటి ముందుకి చాపింది. మొక్కలు జంకి వెనక్కి జరిగాయి. కొమ్మ అటు తిప్పితే ఇటు, ఇటు తిప్పితే అటు.

ఓయిషా చేతిలోని కొమ్మకేసి చూసింది. ఆకులు నిగనిగలాడుతున్నాయి. ఈ చెట్టు తెగులు మోస్తుంది, తాను చావదు, పక్కవాటిని బతకనివ్వదు అని చెప్పిన నర్సరీవాళ్ళని అప్పట్లో చీపురు తిరగేసి తరిమింది. ఇప్పుడు తడిగుడ్డలో చుట్టిచ్చిన కొమ్మలన్నీ గుర్తొచ్చాయి. ఆ పెళ్ళికూతుళ్ళ ఇళ్ళలోనూ చెట్లు ఎండాయి. వాళ్ళనీ అడుగు మంచిది కాదనే అన్నారు.

"సైవలీ, రంపం తే."

"అమ్మా, అది నీ చెట్టే."

"నాదే కదా. నేనే కోస్తాను."

చెట్టుని కోసి, వేర్లతో సహా పెకలించి, మట్టి తోలడానికి మాట్లాడుకున్న ట్రాక్టరు మీదే ఊరవతలికి తీసుకెళ్ళి కాల్చారు. అందాకా మొక్కలు పళ్ళెంలో వేర్లు పెట్టుకుని ఓపిగ్గా కూర్చున్నాయి.

మసి చేతులతో ఓయిషా కోడలి ఎదుటికొచ్చి, వీధంతా వినేలా అంది. "తప్పు నీ అడుగుది కాదే. నా చేతిది. రేపట్నుంచి నేను కొమ్మలిచ్చిన ఆ పిల్లల గుమ్మాలన్నీ ఎక్కి ఈ మాటే చెప్పాలి, నువ్వు తోడు రావాలి. ముందు నువ్వు దిగు."

మొహ్రూఖ్‌కి ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. మొదటి మెట్టు మీద కాలు పెట్టిందో లేదో, మొక్కలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆమె వెనకే దిగడం మొదలుపెట్టాయి.