హామీ పత్రంలో మొదటి గీత

మిల్ రన్ ఫైర్‌స్టేషన్ హాల్లో తలుపు పక్కనున్న బల్ల ఇరవై రెండేళ్లుగా వెర్డా షోవాల్టర్‌ది. పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఎన్నిక వచ్చినప్పుడల్లా కుర్రాళ్లు ఫైరింజన్లను బయటికి తోలి నేల కడుగుతారు, మగవాళ్లు మడత కుర్చీలు వేస్తారు, వెర్డా హామీ పత్రాలు సర్దుతుంది. లోపల ఓటు వెయ్యాలంటే ముందు ఆ పత్రంలో సంతకం పెట్టాలి. పత్రంలో ఉన్నది ఒకే ఒక్క వాక్యం: 'ఇక్కడ ఎవరు గెలిచినా నవంబరులో ఆ అభ్యర్థికే మద్దతిస్తానని మాట ఇస్తున్నాను.' పెట్టినవాళ్లకు ఓటు చీటీ ఇస్తారు. పెట్టనివాళ్లు వచ్చిన దారినే పోతారు.

మొదటి పత్రంలో మొదటి గీత మీద ఎప్పుడూ వెర్డా సంతకమే ఉంటుంది. తలుపులు తియ్యకముందే పెట్టేస్తుంది. ఈ శనివారం మాత్రం ఆ గీతను వదిలేసి, అక్కణ్నుంచి మొదలుపెట్టమని రెండో గీత పక్కన పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టింది.

కౌంటీ పార్టీ అధ్యక్షుడు డ్వైట్ కూంట్జ్ కాఫీ కప్పుతో అటుగా వచ్చి ఆగాడు. టైర్ల దుకాణం నడిపే మనిషి. ఏ వస్తువును చూసినా అరుగుదల వెతికే చూపు అతనిది.

"మొదటిది మర్చిపోయావు వెర్డా."

"మర్చిపోలేదు."

"మరి?"

"తలుపులు తియ్యి డ్వైట్. జనం ఎండలో నిలబడ్డారు."

పోటీలో ఇద్దరే ఉన్నారు. ఒకడు గేలన్ బోమన్, పదేళ్లుగా రాష్ట్ర శాసనసభలో ఈ ప్రాంతం ప్రతినిధి. రెండోవాడు టకర్ షిఫ్లెట్, ఎండుగడ్డి వ్యాపారం చేసే నోటిదురుసు మనిషి. మూడేళ్ల కిందట గేలన్ వెర్డా వంటింట్లో కూర్చుని, రెండో ముక్క యాపిల్ కేకు తింటూ, "సొంతదారు ఒప్పుకోకుండా గజం నేల కూడా ఎవడూ ముట్టుకోకూడదు. నేనున్నంతకాలం ముట్టుకోనివ్వను" అన్నాడు. ఆ మాట పట్టుకుని వెర్డా నూట నలభై ఇళ్ల తలుపులు తట్టింది. ఈ ఫిబ్రవరిలో, కరెంటు టవర్ల కోసం రైతుల పొలాలు వాళ్ల ఇష్టంతో పని లేకుండా తీసుకోవచ్చనే చట్టానికి గేలన్ చెయ్యెత్తాడు. దాన్ని తీయించేస్తానంటూ టకర్ పోటీకి దిగాడు.

పొద్దున ఆమ్లెట్ల పళ్లేల ముందు ఆవిడ భర్త నెల్సన్ ఇదే గొడవ మళ్లీ ఎత్తుకున్నాడు. చొక్కాకు అప్పటికే గేలన్ పేరున్న బిళ్ల తగిలించుకున్నాడు.

"టకర్‌ని నిలబెడితే నవంబరులో సీటు పళ్లెంలో పెట్టి అవతలి పార్టీకిచ్చినట్టే. వాడు మైకు పట్టుకుంటే మనవాళ్లే చెవులు మూసుకుంటారు."

"తెలుసు."

"తెలిసే వేస్తావా?"

"గేలన్ మాట తప్పాడు నెల్సన్."

"పదేళ్లలో ఒక్కసారి! ముప్ఫై ఆరేళ్లలో నేనెన్ని తప్పులు చేశానో. నన్ను వదిలెయ్యలేదుగా?"

"నిన్ను రెండేళ్లకోసారి ఎన్నుకోమని ఎవరూ నన్ను అడగలేదు."

నెల్సన్ ఫోర్కు బల్ల మీద పడేశాడు. "అసలు ఆ లైను మన పొలంలోంచే పోవడం లేదు. నీకెందుకు ఇంత మంట?"

"మనదాంట్లోంచి పోతుంటే, నా స్వార్థానికి అరుస్తున్నానని నువ్వే అనేవాడివి."

టకర్‌కి ఓటు వెయ్యాలని ఆవిడ ఎప్పుడో నిశ్చయించుకుంది. చిక్కంతా ఆ గీత దగ్గర వచ్చింది. ఇక్కడ గేలనే గెలిస్తే నవంబరులో అతనికి ఓటు వెయ్యదు. వెయ్యనని తెలిసీ వేస్తానని ఎలా రాస్తుంది? వాళ్ల బ్రెదరెన్ క్రైస్తవ సంఘంలో కోర్టుకెళ్లినా బైబిలు మీద చెయ్యి వేసి ప్రమాణం చెయ్యరు. అవునంటే చాలు, అది ప్రమాణం కిందే లెక్క. మిగతా ఊళ్లలో జనం ఈ పత్రాన్ని సినిమా టికెట్టులా చింపుకుపోతారేమో, మిల్ రన్‌లో మాత్రం సంతకమంటే సంతకమే. అలా చూసినవాళ్లలో అందరికంటే గట్టి మనిషి వెర్డానే.

ఆ గట్టితనం ఎంత దూరం పోయిందో ఊరందరికీ తెలుసు. నాలుగేళ్ల కిందట ఇదే బల్ల దగ్గర టర్కీ కోళ్లు పెంచే ఓర్వల్ వెంగర్ పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. డెబ్భై ఏళ్ల మనిషి, వెర్డాకు పక్క పొలం. ఆ ఏడాది వేరే పదవికి పోటీలో ఉన్న వకీలు ఇద్దరు పెళ్లాలను వదిలేసి మూడో పెళ్లికి తయారుగా ఉన్నాడు. "వాడు గెలిస్తే నవంబరులో నేను వెయ్యలేను సిస్టర్ వెర్డా. ఉన్న మాట చెప్తున్నా" అన్నాడు ఓర్వల్. ఆవిడ నియమం గట్టిగా చదివి వినిపించి, "అయితే పక్కకు తప్పుకోండి. వెనక జనం ఉన్నారు" అంది. యాభైమంది చూస్తుండగా ఆయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తరవాత ఆయన ప్రేమవిందుకు రావడం మానేశాడు. ఏడాదికి రెండుసార్లు సంఘమంతా ఒకరి పాదాలు ఒకరు కడిగి, కలిసి తిని, రొట్టె విరిచే విందు అది. మనసులో ఎవరిమీదైనా పగ ఉంటే ఆ బల్ల దగ్గర కూర్చోకూడదు. ఎనిమిది విందులుగా ఓర్వల్ కుర్చీ ఖాళీ. ఎవరి మీద పగో అడిగేవాళ్లు లేరు. ఇప్పుడు టవర్ల లైను ఆయన టర్కీ షెడ్ల మీదుగానే పోతోంది.

తలుపులు తీశాక గంటసేపు జనం సంతకాలు పెట్టి పోయారు. ప్రతివాడి చూపూ ముందు పైగీత మీద పడి, తరవాత వెర్డా ముఖం మీదికి వచ్చేది. బయట పొయ్యిల మీద వెనిగర్ చల్లుతూ కోళ్లు కాలుస్తున్నారు. ఆ పొగతోపాటు సంగతి కూడా వరస చివరిదాకా పాకిపోయింది.

"ఏం వెర్డా, పెన్నులో సిరా అయిపోయిందా?" అంది ట్రూడీ హాట్లే. ఇద్దరూ బడిలో ఒకే బెంచీ. "ఇన్నేళ్లూ మాకు నీతులు చెప్పి సంతకాలు పెట్టించావు. నీదాకా వచ్చేసరికి చెయ్యి నొప్పా?"

"సంతకం పెట్టు ట్రూడీ."

"పెడతా. నా పార్టీకి ద్రోహం చేసే రక్తం కాదులే నాది."

ఆమె వెనకే టకర్ మనిషి ఒకడు బల్ల మీదికి వంగాడు. వాడి టోపీ మీద 'మా నేల మాదే' అని ఉంది. "పెట్టి పారెయ్యి వెర్డా ఆంటీ! నేను పెట్టలా? గేలన్ నెగ్గితే నవంబరులో చేపలు పట్టుకోడానికి పోతా. ఎవడొచ్చి చూస్తాడు?"

"నువ్వు చూస్తావుగా."

"అబ్బో! నీ మనస్సాక్షి ఇస్త్రీ నలగకుండా ఉండాలని మా ఓటొకటి తగలేస్తావన్నమాట. ఓర్వల్ షెడ్లు కూలితే నీ మనస్సాక్షి తెచ్చి అడ్డం పెడతావా?"

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. తనే సంతకం పెట్టనప్పుడు వాణ్నెలా ఆపుతుంది? వాడికి చీటీ ఇచ్చింది. ఒకరు ద్రోహి అంటారు, ఇంకొకరు ఓటు తగలేస్తావంటారు. ఇద్దరూ సంతకాలు పెట్టినవాళ్లే.

పదకొండు గంటలకు గేలన్ వచ్చాడు. చేతులు కలుపుతూ, వీపులు తడుతూ బల్ల దాకా వచ్చి, పైగీతను చూసి, నవ్వు చెదరకుండా గొంతు తగ్గించాడు.

"మీ అమ్మకు నర్సింగ్ హోమ్‌లో మంచం ఎవరు ఇప్పించారో గుర్తుందా వెర్డా?"

"గుర్తుంది. అప్పుడే థాంక్స్ చెప్పాను. నా వంటింట్లో నువ్వేం చెప్పావో నీకు గుర్తుందా?"

"వంటింట్లో మాట్లాడినట్టు సభలో మాట్లాడితే పనులు కావు తల్లీ."

"నేను తలుపులు తట్టింది సభలో మాట పట్టుకుని కాదు, వంటింట్లో మాట పట్టుకునే."

గేలన్ పక్కవాడి వైపు తిరిగి ఇంకా పెద్దగా నవ్వాడు.

పన్నెండవుతుండగా హాల్లో తలలన్నీ బల్ల వైపు తిరిగాయి. ఓర్వల్ వెంగర్ వరసలోంచి బల్ల ముందుకొచ్చాడు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో టోపీ. మనిషి బాగా వంగిపోయాడు.

"నియమం చదవమ్మా" అన్నాడు. సిస్టర్ అనలేదు. "నాలుగేళ్ల కిందట చదివావే, అంత గట్టిగానూ."

వెర్డా చదివింది.

ఓర్వల్ దారంతో కట్టిన పెన్ను తీసుకున్నాడు. పత్రం తనవైపు తిప్పుకుని ఖాళీగా ఉన్న పైగీత మీద వేలు పెట్టాడు. "ఇది ఎవరికైనా అట్టిపెట్టారా?"

"లేదు."

అక్షరం తరవాత అక్షరం, బళ్లో పిల్లాడిలా, ఆ గీత మీద తన పేరు రాశాడు.

డ్వైట్ గబగబా వచ్చాడు. "ఆగండాగండి. ఓర్వల్, నవంబరులో గేలన్‌కి నువ్వు వెయ్యవని ఈ కౌంటీలో కుక్కలకు కూడా తెలుసు. వెర్డా, అతన్ని అడుగు. అనుమానం వస్తే బల్ల దగ్గరున్నవాళ్లు అడగాలని నియమంలో ఉంది."

నిజమే, ఉంది. ఆ నియమాన్ని పదేళ్ల కిందట పట్టుబట్టి రాయించింది వెర్డానే.

ఓర్వల్ తల ఎత్తలేదు. అడిగితే ఆయన ఈసారి నోటితో కూడా అబద్ధం చెప్పాలి, లేదా మళ్లీ టోపీ పెట్టుకుని పోవాలి.

"నేను అడగను" అంది వెర్డా.

"ఏంటీ?"

"పోయినసారి అడక్కముందే నిజం చెప్పాడు. తరిమేశాం. ఇవాళ అడిగే మొహం నాకు లేదు." ఓటు చీటీ చింపి ఓర్వల్ ముందు పెట్టింది. ఆయన దాన్ని అందుకుని, ఆవిడ వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు.

"అయితే ఆ కుర్చీలోంచి లే" అన్నాడు డ్వైట్.

వెర్డా లేచింది. చేతిసంచీ తీసుకుని, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి వరస చివర నిలబడింది. ముందున్నవాళ్లు ఆవిడ వైపు వీపులు తిప్పారు. కోళ్లకు వెనిగర్ చల్లే కుంచె చేత్తో పట్టుకుని నెల్సన్ తలుపు దగ్గరికొచ్చి చూశాడే కానీ లోపలికి రాలేదు. ఆవిడ వంతు వచ్చేసరికి ఆవిడ కుర్చీలో డ్వైట్ కూర్చుని ఉన్నాడు.

"సంతకం పెట్టు, ఓటేసి ఇంటికి పో. ఇరవై రెండేళ్లు చేశావు కాబట్టి ఏమీ అడగను."

"అడుగు. నియమం ఉందిగా."

అతని మెడ ఎర్రబడింది. "ఎవరు గెలిచినా నవంబరులో మద్దతిస్తావా?"

"గేలన్ అయితే ఇవ్వను."

"అయితే పక్కకు తప్పుకో. వెనక జనం ఉన్నారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ట్రూడీయే అయ్యుంటుంది. వెర్డా పెన్నును దాని చోట సరిగ్గా పెట్టి బయటికి నడిచింది.

నెల్సన్ పని అయ్యేదాకా ఇంటికి పోవడానికి లేదు. ఉన్నది ఒకటే కారు. అద్దం దించుకుని అందులో కూర్చుంది. దాటిపోయేవాళ్లు చూసీ చూడనట్టు పోయారు. ఒకామె మాత్రం ఆగి, నీ ఇంటి ముందు ఇక పార్టీ బోర్డు పెట్టకమ్మా, మాకు సిగ్గు అని చెప్పి మరీ వెళ్లింది.

రెండున్నరకు నెల్సన్ వచ్చి పొగవాసనతో పక్కనే స్టీరింగు ముందు కూలబడ్డాడు.

"గేలన్. పంతొమ్మిది ఓట్ల తేడా. నీ ఒక్కటి ఉన్నా లేకపోయినా అంతే. ఊరందరి ముందు నా పరువు తీసి ఏం సాధించావు?"

ఇవతల పాత ట్రక్కులో ఓర్వల్ ఉన్నాడు. ఆయనా లెక్క తేలేదాకా ఆగాడు. వెర్డా కారు దిగి ఆ అద్దం దగ్గరికెళ్లింది.

"బ్రదర్ ఓర్వల్, పంతొమ్మిదితో పోయింది."

"విన్నాను."

"నాలుగేళ్ల కిందట నేను అలా అనుండకూడదు. అందరి ముందు."

"నియమం నియమమే" అన్నాడు ఓర్వల్, రోడ్డు వైపు చూస్తూ. "నువ్వన్నదానికి కాదు నాకు మండింది. ఆ మూడు పెళ్లిళ్లవాడికి నువ్వు ఓటెయ్యగలిగావు చూడు, దానికి."

ఆ ఏడాది ఇక్కడ వకీలే నెగ్గాడు, ఆవిడ సంతకం పెట్టి ఉంది. ఆ నవంబరులో వేసింది. ఇచ్చిన మాట కోసం, కళ్లు మూసుకుని వేసింది.

"అక్టోబరులో ప్రేమవిందుకు రండి. నావల్లే రావట్లేదని నాకు తెలుసు. అడ్డమైతే నేనే మానేస్తాను, మీరు రండి."

ఓర్వల్ తాళం తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది.

"ఇన్నాళ్లూ నీ మీద పగతో రాలేదు" అన్నాడు. "ఆ పగ ఎప్పుడో ఒకప్పుడు పోయేదే. ఇవాళ అందరూ చూస్తుండగా చెయ్యనని తెలిసిన పనికి సంతకం పెట్టాను. షెడ్లూ దక్కలేదు. ఆ చేత్తో రొట్టె ఎలా అందుకోమంటావు?"

"పెట్టకుండా ఉండాల్సింది."

"నువ్వు అడిగుంటే ఆ సంతకం కొట్టేసేవాణ్ని" అన్నాడు ఓర్వల్. "నువ్వు అడుగుతావనే అనుకున్నాను. అడగాల్సిన ఒక్క రోజూ అడగలేదు నువ్వు."

ట్రక్కు కంకర మీద కదిలి, కాసేపటికి మలుపు తిరిగింది. కార్లోంచి నెల్సన్ హారన్ కొట్టాడు, ఒకసారి, మళ్లీ గట్టిగా ఒకసారి.