గుట్టెక్కిన వేలిముద్ర

జైతును మంచమ్మీద గుట్టకు మోసుకపోతున్నరు. పానం పోయినందుకు కాదు. బియ్యం రావాలంటే వేలిముద్ర పడాలె, ముద్ర పడాలంటే సిగ్నల్ అందాలె, సిగ్నలేమో దొరసాని, గుట్ట దిగి గూడేనికి రాదు. పెండ్లాం లక్కుబాయి వెనుకనే నడుస్తున్నది. ఆమె పేరు రేషన్ కార్డులకెళ్లి ఎప్పుడో ఎగిరిపోయింది. ఆ ఇంటికి మిగిలింది ముసలోని వేలు ఒక్కటే.

పైన డీలర్ ఓంప్రకాశ్ మిషన్ ముందలేసుకొని కూసున్నడు. ఆన్‌లైన్ అన్నరుగానీ గూడెమంతా లైన్లనే ఉన్నది. జైతు వేలు పెట్టిండ్రు. మిషన్ల చక్రం తిరిగింది, తిరిగింది.

"సర్వర్ డౌన్."

"డౌనున్నది మేమే గదయ్యా! కిందికెళ్లి ఎక్కొచ్చినం," అన్నది లక్కుబాయి.

లైన్ల నవ్విండ్రు. మళ్ల వేలు పెడ్దామని ఆమె మొగని చెయ్యి పట్టుకున్నది. చెయ్యి సల్లగున్నది.

నవ్వు ఆగింది. చక్రం మాత్రం తిరుగుతనే ఉన్నది.

గూడేనికి వైరు లేదా అంటే, ఉన్నది. కాంట్రాక్టర్ శ్రీహరి వచ్చి చేన్ల నడుమ కాలువ తవ్విచ్చి పైపు పూడ్చిండు. పని మొదలువెట్టిన నాడు ఊరి దేవత ఆకి పేన్ ముందల కొబ్బరికాయ కొట్టి, "ఇందులకెళ్లి ఇంటర్నెట్టు వస్తది, దీనిమీద నాగలి పెట్టకుండ్రి," అన్నడు. పేన్ ముందల మాటిచ్చినోడు తప్పుతడని ఏ గోండు అనుకుంటడు? పైపు మీది ఆ నేలపట్టీ దున్నలే, విత్తలే, తవ్వి చూడలే. ఇంటర్ చదివిన వందన బడిగోడకు తెల్లమట్టితోని కీబోర్డు గీసి, వైరొచ్చేనాటికి అందరికి అక్షరాలు రావాలెనని నేర్పింది. లక్కుబాయి గోడమీద తన పేరు తానే ఒత్తుకున్నది. కేబుల్ రాలే, కబుర్లొచ్చినయ్. నెట్టు రాలే, నెట్టుడొచ్చింది.

జైతు చేన్ల పత్తి నిలబడున్నది. ముసలోన్ని పూడ్చనీకి ఖాళీ జాగ పైపు పట్టీ ఒక్కటే.

"ఆడ వద్దు లక్కూ, కింద వైరున్నది," అన్నడు ఊరిపెద్ద భీంరావు పట్లా.

"ఉంటే ఉండనియ్. ఆయన చేను, ఆయన గుంత. తవ్వుండ్రి."

గడ్డపార పైపుకు తాకింది, పైపు పగిలింది. వందన వంగి చూసింది. లోపల వైరు లేదు. చీమలు వరుస కట్టి బయటికొస్తున్నయ్.

"చీమలకే బ్రాడ్‌బ్యాండు!" అన్నది. ఎవలు నవ్వలే.

పట్లా నేలమీద కూలబడ్డడు. "కొబ్బరికాయ కొట్టిండు గదనే..."

"కాయ కాదు పట్లా, మన బువ్వ కొట్టిండు," అన్నది లక్కుబాయి.

"ఆఫీసుకు పోయి దండం పెడ్దాం," అన్నడొక ముసలాయన.

"దండం పెట్టి పెట్టి మన చేతులు జోడించుటానికే పనికొస్తున్నయ్ తాతా," అన్నది వందన. "జర ఇటు పట్టుండ్రి."

జైతును మట్టిల కలిపి, పైపును మట్టిలకెళ్లి గుంజిండ్రు. కింది గూడెపోళ్లు చూసి తమ చేన్లల్లది గుంజిండ్రు. పాములెక్క పైపు మండలాఫీసు గడప ముందల చుట్ట చుట్టుకున్నది. శ్రీహరి రాలే. పోలీసు వ్యానొచ్చింది.

"సర్కారు ఆస్తి ఖరాబు చేసిండ్రు," అన్నడు ఎస్సై.

"వట్టి పైపుల ఖరాబయ్యేది ఏమున్నది సారూ?" అన్నది వందన.

"వట్టిదని మాకేం తెల్వదు. పని పూర్తయిందని రిపోర్టున్నది."

పట్లాను, లక్కుబాయిని, వందనను ఠాణాకు పట్టుకపోయిండ్రు. ఎస్సై వేలిముద్రల మిషన్ తీసిండు. పట్లా బొటనవేలు ఆనంగనే పచ్చలైటు వెలిగింది. చక్రం ఒక్క చుట్టన్నా తిరగలే.

లక్కుబాయి ఆ లైటు దిక్కే చూసింది.

"గీడ మంచిగనే ఉన్నదే సిగ్నల్."

"మాటలొద్దు. వేలు పెట్టు."

"నా మొగడు ముద్ర వెయ్యనీకి గుట్టెక్కి సచ్చిండు. నీకు కూసున్నకాడికి తెచ్చియ్యాల్నా?"

బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించింది. పక్కన వందన బిగించింది. ముద్ర వడ్డ పట్లా గూడ, ఆలస్యంగనే, బిగించిండు.

గూడెంల పొయ్యిలు సల్లగున్నయ్. బియ్యం ఎప్పుడొస్తయో ఎవలికెరుక లేదు, బెయిలూ అంతే.

ఎస్సై ముసలిదాని వేళ్లు ఒక్కొక్కటి ఇప్పవట్టిండు. చూపుడువేలు ఇప్పేసరికి చిటికెనవేలు మళ్ల మూసుకున్నది.